సొంత పని మీద జర్మనీకి: వైజాగ్ నుంచి ఫ్రీలాన్స్ వీసా ఫైలు కట్టే పద్ధతి

ఉద్యోగం ఇస్తానన్న కంపెనీ లేదు. మళ్లీ కాలేజీలో చేరే ఉద్దేశం లేదు. చేతిలో సొంత పని ఉంది, దాని మీదే ఇల్లు గడుస్తోంది. ఆ పని పట్టుకుని వేరే దేశం వెళ్లి స్థిరపడటం కుదురుతుందా అని వైజాగ్ పాఠకులు చాలామంది అడుగుతున్నారు. కుదురుతుంది. కాకపోతే ఉద్యోగ వీసాలో కంపెనీ మోసే బరువంతా ఇక్కడ మీ మీదే పడుతుంది. మీకు పని వచ్చని, ఆ పనికి అక్కడివాళ్లు డబ్బిస్తారని, ఆ డబ్బుతో బతకగలరని మీరే కాగితాల మీద చూపించాలి.

ఇక్కడ జర్మనీని ప్రధానంగా తీసుకున్నాను. మీ మనసులో వేరే దేశం ఉన్నా 3 నుంచి 6 వరకు ఉన్న మెట్లు దాదాపు అలాగే పనికొస్తాయి.

1. ముందు దేశం తేల్చుకోండి

మా పెదనాన్నగారబ్బాయి ఫలానా చోట ఉన్నాడు కాబట్టి నేనూ అక్కడికే అనుకోవడం మన దగ్గర మామూలే. మొదటి వారం భోజనానికి, పడకకు ఆ చుట్టరికం బాగా పనికొస్తుంది. వీసాకు మాత్రం పనికిరాదు. చూడాల్సింది మీ వృత్తికి ఆ దేశంలో దారి ఉందా లేదా అన్నదే.

- కెనడా: స్వయం ఉపాధి పేరుతో ఒక శాశ్వత నివాస పథకం ఉంది. అదీ కళలు, సంస్కృతి, క్రీడల రంగాలవాళ్లకే. 2024 ఏప్రిల్ 30 నుంచి దానికి కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేశారు. ఇంకా ఆ పథకం పేరు చెప్పి అడ్వాన్స్ అడిగేవాళ్ల దగ్గర కూర్చోకండి.
- అమెరికా: ఈ-2 అనే పెట్టుబడి వీసా గురించి చాలామంది అడుగుతారు. అది అమెరికాతో ఒప్పందం ఉన్న దేశాలవాళ్లకే, ఆ జాబితాలో భారత్ లేదు.
- బ్రిటన్: 2023 ఏప్రిల్ నుంచి ఇన్నోవేటర్ ఫౌండర్ వీసా నడుస్తోంది. మీ వ్యాపార ఆలోచన కొత్తదని, పెరగగలదని గుర్తింపు పొందిన సంస్థ ఒకటి ఆమోదించాలి. మామూలు ఫ్రీలాన్స్ పనికి ఇది కుదరదు.
- యూఏఈ: అయిదేళ్ల గ్రీన్ వీసా ఉంది. డిగ్రీ లేదా ప్రత్యేక డిప్లొమా, ఫ్రీలాన్స్ పర్మిట్, గత రెండేళ్లలో 3,60,000 దిర్హామ్‌లకు తగ్గని సొంత ఆదాయం అడుగుతారు. సంపాదనకు మంచిదే, స్థిరపడటానికి కాదు.
- పోర్చుగల్, స్పెయిన్: దూరం నుంచి పనిచేసేవాళ్లకు వీసాలున్నాయి. పోర్చుగల్ తన కనీస వేతనానికి నాలుగు రెట్ల ఆదాయం అడుగుతుంది. స్పెయిన్‌లో అక్కడి క్లయింట్ల నుంచి వచ్చే పని 20 శాతం దాటకూడదు. క్లయింట్లు స్థిరంగా ఉండి, బయటి దేశాలవాళ్లే అయితే చూడొచ్చు.

జర్మనీ నివాస చట్టంలోని 21వ సెక్షన్ స్వయం ఉపాధికి సంబంధించింది. అందులో అయిదో ఉపవిభాగం ఫ్రీలాన్స్ వృత్తులది. దానికి కనీస పెట్టుబడి షరతు లేదు, పాయింట్ల లెక్కా లేదు. చేతిలో పని ఉండి, పెట్టుబడి లేనివాళ్లకు ఇంతకంటే తిన్నని దారి నాకు కనిపించలేదు.

2. మీది వృత్తా, వ్యాపారమా?

మొత్తం ఫైలు దీని మీదే నిలబడుతుంది. జర్మనీలో సొంత పని రెండు రకాలు. ఒకటి ఫ్రైబెరూఫ్, అంటే చదువు, నైపుణ్యం, కళ మీద నడిచే స్వతంత్ర వృత్తి. రెండోది గెవెర్బె, అంటే వ్యాపారం.

ఏది వృత్తి అన్నది అక్కడి ఆదాయపు పన్ను చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, డాక్టర్లు, లాయర్లు, జర్నలిస్టులు, అనువాదకులు, బోధించేవాళ్లు, కళాకారులు, రచయితలు ఇందులోకి వస్తారు. హిందుస్థాన్ షిప్‌యార్డ్ లాంటి చోట డిజైన్ పనిచేసి, ఇప్పుడు సొంతంగా డ్రాయింగులు చేసిపెడుతున్న నావల్ ఆర్కిటెక్ట్ సూటిగా ఇంజనీరు కిందకొస్తారు. హాంబుర్గ్, కీల్, బ్రేమెన్ వైపు నౌకా పరిశ్రమ ఉంది కాబట్టి వైజాగ్ వాళ్లకు ఇది సహజంగా కలిసొచ్చే రంగం. కూచిపూడి నేర్పేవాళ్లు, సంగీతం టీచర్లు, యోగా టీచర్లు బోధన కింద అడగొచ్చు.

ఫొటోగ్రాఫర్ల సంగతి గమనించండి. పత్రికా ఛాయాచిత్రకారుల పేరు చట్టంలోనే ఉంది. పెళ్లిళ్ల ఫొటోగ్రఫీని మాత్రం అక్కడ ఎక్కువగా వ్యాపారంగానే చూస్తారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు గీత మీద ఉంటారు: ఇంజనీరింగ్ డిగ్రీతో సిస్టమ్ డిజైన్, డెవలప్‌మెంట్ చేస్తే వృత్తి వైపు మొగ్గుతుంది. వెబ్‌సైట్లు అమ్మడం, హోస్టింగ్ నడపడం అయితే వ్యాపారమే. పన్ను విషయంలో దీన్ని తేల్చేది అక్కడి పన్ను కార్యాలయం. బిర్యానీ పాయింట్, బ్యూటీ పార్లర్, ఎగుమతి దిగుమతులు ఎలా చూసినా వ్యాపారమే.

వ్యాపారమైతే దారి మూసుకుపోదు, ఎత్తవుతుంది. ఆ ప్రాంతానికి మీ వ్యాపారం అవసరమని, ఆర్థికంగా మేలు చేస్తుందని, పెట్టుబడి సిద్ధంగా ఉందని చూపాలి. దానికో ఫలమూ ఉంది. వ్యాపారం బాగా నడిస్తే మూడేళ్లకే శాశ్వత నివాసం అడగొచ్చు. ఫ్రీలాన్సర్లకు ఆ మూడేళ్ల వెసులుబాటు లేదు, మామూలు అయిదేళ్ల దారే.

ఇంకో రెండు అడ్డంకులు ముందే చూసుకోండి:

- వయసు 45 దాటితే వృద్ధాప్యానికి తగిన ఆర్థిక ఏర్పాటు చూపాలి. ఆస్తి రూపంలో చూపితే రెండు లక్షల యూరోల పైమాటే. కొన్ని దేశాల పౌరులకు దీని నుంచి మినహాయింపు ఉంది, మనకు లేదు.
- డాక్టర్, ఫిజియోథెరపిస్ట్, లాయర్ లాంటి లైసెన్స్ వృత్తులకు అక్కడి అనుమతి చేతికి రావాలి, లేదా ఇస్తామన్న హామీ అయినా ఉండాలి. అది లేకుండా వీసా వైపు చూడకండి.

3. పేర్లు సరిచేసుకోండి

తెలుగువాళ్ల ఫైళ్లలో మొదట తగిలే ముడి ఇదే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు మొత్తం ముందు ఉంటుంది: బొడ్డేపల్లి వెంకట సాయి. డిగ్రీ సర్టిఫికెట్‌లో అది బి. వెంకట సాయి అవుతుంది. ఆధార్‌లో వెంకటసాయి బొడ్డేపల్లి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, మొత్తం పేరు రెండో గడిలోనే ఉంటుంది. మనకు నలుగురూ ఒకరే. జర్మనీ గుమాస్తాకు నలుగురు మనుషులు.

పాస్‌పోర్టే ప్రమాణం అనుకోండి. అందులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే మర్రిపాలెం ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలో రీఇష్యూకి పెట్టి, ఇంటిపేరు వేరు చేయించుకోండి. తర్వాత పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా దానికి తగ్గట్టు మార్చుకోండి. పాత మార్కుల మెమోలు మార్చడం పెద్ద పని. వాటికి, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ ఇంగ్లిష్‌లో చేయించి జతచేయండి.

వీసా అపాయింట్‌మెంట్ దొరికాక పాస్‌పోర్టు మార్చడానికి పరిగెత్తితే అన్నీ తలకిందులవుతాయి. అందుకే ఇది మూడో మెట్టు, పదో మెట్టు కాదు.

4. సంపాదనకు సాక్ష్యం

ఫ్రీలాన్సర్ దగ్గర జీతం స్లిప్ ఉండదు. దానికి బదులు ఒకదానితో ఒకటి సరిపోయే నాలుగు కాగితాలు కావాలి: ఒప్పందం, ఇన్‌వాయిస్, బ్యాంకులో పడ్డ డబ్బు, ఆదాయపు పన్ను రిటర్న్. ఈ నాలుగింట్లో ఒకే అంకె కనిపించాలి.

మనవాళ్లకు ఎదురుతిరిగేది రిటర్నే. పన్ను మిగులుతుందని ఆదాయం తగ్గించి చూపిస్తారు. వృత్తి నిపుణులకు ఉన్న 44ఏడీఏ పద్ధతిలో వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు, అది చట్టబద్ధమే. కానీ ఆ పద్ధతిని అడ్డం పెట్టుకుని వసూళ్లనే సగం చేసి చూపినవాళ్లు ఇప్పుడు ఇరుకున పడతారు. నెలకు లక్షన్నర సంపాదిస్తానని ఫైలులో రాసి, రిటర్న్‌లో ఏడాదికి నాలుగు లక్షలు చూపితే ఏ అధికారి అయినా రెండో అంకెనే నమ్ముతాడు. బయల్దేరే ముందు కనీసం రెండు ఆర్థిక సంవత్సరాల రిటర్నులు నిజమైన అంకెలతో ఉండేలా చూసుకోండి.

జాబితా:

- గత రెండు మూడేళ్ల రిటర్నులు, వాటి రసీదులు
- ఉద్యం నమోదు, అంటే చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు. ఉచితంగా, ఆన్‌లైన్‌లో అవుతుంది. దీనికి డబ్బులడిగే వెబ్‌సైట్ నకిలీదే
- జీఎస్టీ నమోదు ఉంటే దాని పత్రం. సేవలకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే తప్పనిసరి. విదేశీ క్లయింట్లుంటే ఏటా ఎల్‌యూటీ (పన్ను కట్టకుండానే సేవలు ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) వేయడం మరవద్దు
- విదేశీ చెల్లింపులకు బ్యాంకు ఇచ్చే రెమిటెన్స్ పత్రాలు. పేమెంట్ యాప్ స్క్రీన్‌షాట్ సరిపోదు
- పని కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా. ఇంటి కరెంటు బిల్లు, చిట్టీ డబ్బు, క్లయింట్ చెల్లింపు ఒకే ఖాతాలో కలిసి ఉంటే చదివేవాడికి విసుగు
- పాత క్లయింట్ల సిఫారసు లేఖలు, పనుల నమూనాలు పన్నెండు పేజీలకు మించకుండా

5. చదువు పత్రాలు

డిగ్రీ ఒరిజినల్, అన్ని సెమిస్టర్ల మెమోలు, ప్రొవిజినల్ ఉండాలి. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి ఇంకా ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) తీసుకోనివాళ్లు ముందు దానికి దరఖాస్తు పెట్టండి, ప్రొవిజినల్‌తో నెట్టుకొద్దామనుకోకండి. మీ విశ్వవిద్యాలయం, మీ డిగ్రీ అక్కడ ఏ స్థాయికి వస్తాయో అనాబిన్ అనే జర్మన్ డేటాబేస్‌లో ఉచితంగా చూసి, ఆ పేజీ ముద్రించి పెట్టుకోండి. మీ డిగ్రీ అందులో దొరక్కపోతే పోలిక పత్రం కోసం జెడ్‌ఏబీ అనే కార్యాలయానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి.

అపోస్టిల్, అంటే పత్రాలు విదేశాల్లో చెల్లేలా మన ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర, చేయించాలా? డాబా గార్డెన్స్‌లోనో, ద్వారకా నగర్‌లోనో ఎవరో ఒకరు చేయించమనే అంటారు. భారత్ హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది. అందుకే మన అపోస్టిల్ ముద్ర అక్కడ చెల్లదు. పత్రాలు సరిచూడాల్సి వస్తే జర్మన్ అధికారులకు వేరే పద్ధతి ఉంది. ఆ డబ్బు మిగుల్చుకోండి. వేరే దేశానికి వెళ్లేవాళ్లు మాత్రం వాళ్ల నియమం చూసుకోవాలి.

6. ఫైలు గుండెకాయ: క్లయింట్ల లేఖలు

జర్మనీలో మీకు పని ఇస్తామని అక్కడి కంపెనీలు, సంస్థలు ఇచ్చే ఉద్దేశ లేఖలు ఇవి. నివాస అనుమతి ఇచ్చే బెర్లిన్ విదేశీయుల కార్యాలయం కనీసం రెండు అడుగుతుంది. నా లెక్కలో మూడు నాలుగు ఉంటేనే నిద్ర పడుతుంది.

బలహీనమైన లేఖ ఇలా ఉంటుంది: "ఈయన పని మాకు నచ్చింది. జర్మనీ వస్తే కలిసి పనిచేయడానికి సంతోషిస్తాం." చదవడానికి బాగుంది, ఫైలుకు ఉపయోగం లేదు.

గట్టి లేఖ ఇలా ఉంటుంది: "మా ప్యాకేజింగ్ డిజైన్ పనులకు ఈయనను స్వతంత్ర డిజైనర్‌గా తీసుకోదలిచాం. నివాస అనుమతి వచ్చిన నెల నుంచి పన్నెండు నెలలు, నెలకు సుమారు 20 గంటలు, గంటకు 45 యూరోలు." కింద కంపెనీ చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం పెట్టినవారి హోదా, ఫోన్, తేదీ. అధికారి ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తి, అవును అనే మనిషి ఉండాలి.

ఈ లేఖలు ఎలా వస్తాయి? అడిగితే రావు, పని చేసి చూపితే వస్తాయి. ఏడాది ముందే జర్మన్ క్లయింట్లకు వైజాగ్ నుంచే చిన్న పనులు మొదలుపెట్టండి. ఇన్‌వాయిస్ వేయండి, డబ్బు బ్యాంకు ద్వారా తెప్పించుకోండి. ఆరు నెలలు సమయానికి పని అందించినవాళ్లకు లేఖ ఇవ్వడానికి క్లయింటుకు అభ్యంతరం ఉండదు. లేఖ నమూనా మీరే రాసి పంపితే వాళ్లు మార్చుకుని సంతకం పెడతారు. ఇందులో మొహమాటపడాల్సింది లేదు.

పొరపాట్లు, వాటికి మందు:

- ఒకే క్లయింట్: పూర్తి సమయం ఒకరికే, వాళ్లు చెప్పిన వేళల్లో, వాళ్ల ఆదేశాల కింద పనిచేస్తే దాన్ని పేరుకే స్వయం ఉపాధి అంటారు. జర్మనీ పెన్షన్ సంస్థ దీని మీద కన్నేసి ఉంటుంది, క్లయింటుకూ జరిమానాల భయమే. పనిని కనీసం ముగ్గురి మధ్య పంచండి.
- అన్ని లేఖలూ మన దేశపు కంపెనీలవే: అప్పుడు ఇక్కడే కూర్చుని చేయొచ్చుగా అన్న ప్రశ్న వస్తుంది. ఎక్కువ లేఖలు మీరు ఉండబోయే ఊరివి, లేదా ఆ దేశానివి కావాలి.
- కొన్న లేఖలు: వీటినీ అమ్ముతున్నారు. తప్పుడు సమాచారం బయటపడితే వీసా తిరస్కరణతో పోదు, తర్వాత పెట్టే ప్రతి దరఖాస్తునూ అది వెంటాడుతుంది.

7. లెక్కల పట్టిక

ఆదాయ అంచనా, ఖర్చుల అంచనా రెండూ నెలవారీగా రాయాలి. మధురవాడ నుంచి వెళ్లే ఒక గ్రాఫిక్ డిజైనర్ అనుకుందాం. గంటకు 45 యూరోలు.

- 1, 2 నెలలు: సున్నా. పన్ను నంబరు కోసం ఎదురుచూపు
- 3, 4 నెలలు: 20 గంటల చొప్పున, నెలకు 900
- 5 నుంచి 12 వరకు: 60 గంటల చొప్పున, నెలకు 2,700
- ఏడాది వసూళ్లు: 23,400 యూరోలు
- పని ఖర్చు నెలకు 200 చొప్పున 2,400. మిగిలిన లాభం 21,000
- గది 650, ఆరోగ్య బీమా 400, తిండి 300, ప్రయాణం, ఫోన్ 100: నెలకు 1,450, ఏడాదికి 17,400

మిగులు 3,600. అందులోంచి ఆదాయపు పన్ను కట్టాలి. పెద్ద మిగులేం కాదు, కానీ నిజాయితీ గల పట్టిక. మొదటి నెల నుంచే 4,000 వస్తాయని రాసిన పట్టికను అధికారి నమ్మడు.

ఇందులో అసలు సంగతి మొదటి నాలుగు నెలలు. ఖర్చు 6,600, రాబడి 1,800. అంటే 4,800 యూరోల లోటు. దీన్ని మీ పొదుపు నింపుతుందని బ్యాంకు స్టేట్‌మెంట్ చెప్పాలి. ఇంటి అడ్వాన్స్ దీనికి అదనం, చట్ట ప్రకారం మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు. ఒంటరిగా వెళ్లేవారికి 10,000 నుంచి 12,000 యూరోల పొదుపు చేతిలో ఉండాలని నా అభిప్రాయం. యూరో వంద రూపాయల అటూఇటూ వేసుకుంటే పది పన్నెండు లక్షలు. అపాయింట్‌మెంట్‌కు వారం ముందు మావయ్యగారు వేసిన పది లక్షలు స్టేట్‌మెంట్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. బహుమతి అయితే బహుమతి పత్రం పెట్టండి, లేకపోతే నెలనెలా కూడబెట్టిన జాడ ఉండాలి.

8. ఆరోగ్య బీమా

ట్రావెల్ పాలసీ వీసా స్టాంపుకు పనికొస్తుందేమో గానీ, నివాస అనుమతికి చాలదు. ఐరోపాలో ఇంతకుముందు ప్రభుత్వ బీమాలో లేని ఫ్రీలాన్సర్‌కు అక్కడి ప్రభుత్వ బీమాలో చేరడం సాధారణంగా కుదరదు. ప్రైవేటు బీమా పూర్తి స్థాయిది తీసుకోవాలి. విదేశీయుల కోసమని చవకగా అమ్మే పాలసీలను నివాస కార్యాలయాలు తరచూ ఒప్పుకోవు.

కళాకారులు, రచయితలు, డిజైనర్లు ఒక పేరు గుర్తుంచుకోండి: కూన్‌స్ట్లర్‌సోజియాల్‌కాసె. కళాకారుల సామాజిక నిధి అది. ఇందులో చేరితే బీమా, పెన్షన్ చందాల్లో సుమారు సగం భారం ఆ నిధి మోస్తుంది, ప్రభుత్వ బీమాకూ దారి దొరుకుతుంది. వెళ్లిన తర్వాతే దరఖాస్తు, ఆమోదానికి నెలలు పడుతుంది.

9. దరఖాస్తు పెట్టడం

అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా పౌరులు జర్మనీలో దిగాక కూడా అనుమతి అడగొచ్చు. మనకు ఆ వీలు లేదు. టూరిస్టు వీసాతో వెళ్లి అక్కడ మార్చుకుందామన్న సలహా ఎవరిచ్చినా వినకండి. ఇక్కడి నుంచే డి రకం జాతీయ వీసా తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ చెన్నై జర్మన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. ఫీజు 75 యూరోలు, రూపాయల్లో కడతారు.

మీ ఫైలును కాన్సులేట్ తనంతట తాను తేల్చదు. మీరు ఉండబోయే ఊరి విదేశీయుల కార్యాలయానికి పంపుతుంది, వాళ్లు అవసరమైతే అక్కడి వృత్తి సంఘాలను, వాణిజ్య మండలిని అడుగుతారు. అందుకే నెలలు పడుతుంది. అందుకే ఊరి ఎంపిక కూడా ఫైలులో భాగమే: లేఖలు హాంబుర్గ్‌వి, చిరునామా మ్యూనిక్‌ది అయితే ఎందుకని అడుగుతారు.

ఫైలు వరుస ఇలా ఉంచండి:

- దరఖాస్తు, పాస్‌పోర్టు, ఫొటోలు
- ఒక పేజీ ముందుమాట: ఎవరు, ఏం పని, ఏ ఊరు, ఎందుకు ఆ ఊరు
- ఉద్దేశ లేఖలు
- ఆదాయ, ఖర్చు పట్టిక, పొదుపు సాక్ష్యం
- రెజ్యూమె, డిగ్రీ, అనాబిన్ పేజీ
- రిటర్నులు, ఒప్పందాలు, ఇన్‌వాయిస్‌లు
- బీమా పత్రం లేదా కొటేషన్
- మొదటి నివాసానికి చిరునామా, ఎవరింట్లోనైనా ఉంటే వాళ్ల లేఖ
- పేర్ల తేడా ఉంటే అఫిడవిట్

ఇంటర్వ్యూలో గడగడా చెప్పాల్సిన పని లేదు. నెలకు ఎంత, ఎవరి నుంచి, మొదటి మూడు నెలలు ఎలా అన్న మూడింటికీ పట్టికలో ఉన్న అంకెలే నోటి వెంట రావాలి. పట్టిక కన్సల్టెన్సీ తయారుచేసినవాళ్లు ఇక్కడే తడబడతారు.

జర్మన్ భాష వీసాకు రాతపూర్వక షరతు కాకపోయినా, తొలి రెండు స్థాయిలు ఏ1, ఏ2 పూర్తిచేసి వెళ్లడం మంచిది. హైదరాబాద్‌లో గోథె సెంట్రమ్ ఉంది. ఇంగ్లిష్‌తో క్లయింట్లు దొరుకుతారు, ఇల్లు మాత్రం అంత తేలిగ్గా దొరకదు.

10. కన్సల్టెన్సీ పెట్టుకోవాలా?

ఫారాలు నింపడానికి, అపాయింట్‌మెంట్ బుక్ చేయడానికి పెట్టుకోవచ్చు. వీసా గ్యారంటీ అన్న మాట వినగానే లేచి వచ్చేయండి. అది ఇచ్చే అధికారం వాళ్లకు లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర వదలొద్దు. దరఖాస్తులో ఇచ్చే ఈమెయిల్, ఫోన్ నంబరు, పాస్‌వర్డ్ మీవే ఉండాలి.

తిరస్కరణ వస్తే అప్పీలు చేసిపెడతామని కొందరు ఇంకా డబ్బు తీసుకుంటున్నారు. కాన్సులేట్‌కే మళ్లీ అభ్యంతరం రాసుకునే పాత పద్ధతిని జర్మనీ 2025 జులై 1 నుంచి ఎత్తేసింది. ఇప్పుడున్నవి రెండే దారులు: లోపం సరిచేసి కొత్త దరఖాస్తు పెట్టడం, లేదా బెర్లిన్ పరిపాలనా న్యాయస్థానంలో నెల లోపు కేసు వేయడం. ఎక్కువమందికి మొదటిదే మేలు. తిరస్కరణ లేఖలో రాసిన కారణానికి సూటిగా సమాధానం చెప్పే కాగితం కొత్త ఫైలులో ఉండాలి.

11. విమానం ఎక్కే ముందు ఇక్కడి పనులు

- బ్యాంకుకు చెప్పి పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే ప్రవాసుల ఖాతాగా మార్పించుకోండి. వెళ్లాక పాత ఖాతానే వాడటం విదేశీ మారక చట్టం (ఫెమా) నియమాలకు విరుద్ధం
- ఓటీపీలు వచ్చే ఫోన్ నంబరుకు రోమింగ్ వేసి ఉంచండి, దాన్ని ఇంట్లోవాళ్లకు ఇచ్చి వెళ్లకండి
- జీఎస్టీ నమోదు ఉంటే రద్దు చేయాలో, కొనసాగించాలో ఆడిటర్‌తో తేల్చుకోండి
- పెళ్లి పత్రానికి దాన్ని నమోదు చేసిన కార్యాలయం నుంచి, పిల్లల పుట్టిన పత్రాలకు జీవీఎంసీ నుంచి కొత్త ప్రతులు తీసుకోండి, వాటిలో పేర్ల స్పెల్లింగ్ చూడండి. కుటుంబం తర్వాత రావడానికి అవే ఆధారం
- పంటికి, కంటికి చూపించుకోవాల్సింది ఉంటే ఇక్కడే చూపించుకోండి

కుటుంబాన్ని మొదటి రోజే వెంట తీసుకెళ్లడం వద్దని నా సలహా. పట్టికలో ఒక మనిషి ఖర్చే బొటాబొటిగా ఉంది.

12. దిగిన తర్వాత వరుస

మొదట చిరునామా నమోదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు, ఇంటి యజమాని సంతకం చేసిన పత్రంతో పురపాలక కార్యాలయంలో చేయాలి. ఆ పత్రం ఇవ్వనన్న యజమాని గది ఎంత చవకైనా వద్దు.

ఆ రోజే పోస్టు డబ్బా మీద మీ పేరు అంటించండి. ఇది చిన్న విషయం కాదు. ప్రభుత్వ ఉత్తరాలు కాగితం మీదే వస్తాయి, డబ్బా మీద పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ వెనక్కి పంపేస్తాడు. పన్ను నంబరు ఉత్తరం అలా వెనక్కిపోతే ఇంకో నెల పోయినట్టే. పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు, అదే స్పెల్లింగ్‌తో రాయండి.

తర్వాత ఎల్‌స్టర్ పోర్టల్‌లో పన్ను నమోదు, పని మొదలుపెట్టిన నెల లోపు. ఇందులో వచ్చే ఏడాది లాభం ఎంత ఉంటుందని అడుగుతారు. గొప్పకు పోయి ఎక్కువ రాస్తే దాని మీదే మూడు నెలలకోసారి ముందస్తు పన్ను కట్టమంటారు. వీసా పట్టికలో రాసిన అంకెకే కట్టుబడండి. చిన్న వ్యాపారుల పద్ధతి ఎంచుకుంటే, ముందటి ఏడాది టర్నోవర్ 25,000 యూరోలు దాటనంతవరకు వ్యాట్ వేయక్కర్లేదు.

పన్ను నంబరు వచ్చాకే సరైన ఇన్‌వాయిస్. వచ్చిన ప్రతి చెల్లింపులో మూడో వంతు పక్క ఖాతాలోకి తోసేయండి. మనకు టీడీఎస్ కోసుకుని ఇవ్వడం అలవాటు, అక్కడ క్లయింట్ మొత్తం ఇచ్చేస్తాడు, పన్ను తర్వాత ఒక్కసారిగా వస్తుంది.

వీసా గడువు తీరకముందే నివాస అనుమతికి దరఖాస్తు పెట్టండి. అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం, దిగిన వారంలోనే ప్రయత్నం మొదలవ్వాలి. అనుమతి కార్డు మీద మీ వృత్తి పేరు రాసి ఉంటుంది. డిజైనర్ అని ఉంటే డిజైన్ పనే చేయాలి. ఖాళీ ఉంది కదా అని రెస్టారెంట్‌లో జీతానికి చేరితే అనుమతికే ఎసరు. వృత్తి మార్చుకోవాలంటే ముందు కార్యాలయాన్ని అడగండి.

అనుమతి ఒక్కసారికి గరిష్ఠంగా మూడేళ్లు ఇస్తారు. పొడిగింపుకు పన్ను కార్యాలయం ఇచ్చిన మదింపు పత్రం, లాభనష్టాల లెక్క, నడుస్తున్న ఒప్పందాలు, బీమా అడుగుతారు. శాశ్వత నివాసానికి అయిదేళ్లతోపాటు 60 నెలల పెన్షన్ చందా లేదా దానికి సమానమైన ఏర్పాటు, బీ1 స్థాయి జర్మన్ కావాలి. ఆ పెన్షన్ నెలలు ఏళ్లు గడిచాక వెనక్కి వెళ్లి కట్టుకునేవి కావు. కాబట్టి మొదటి ఏడాదే, రాబడి కాస్త కుదురుకున్న నెల నుంచి, చిన్న మొత్తంతోనైనా స్వచ్ఛంద చందా మొదలుపెట్టి, ప్రతి రసీదూ ఏడాదివారీగా ఫైలు చేసుకోండి.